పలక దెబ్బకు నిలిచే కంట్రోలర్

ఈ పూట డీజే కంట్రోలర్ గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ల్యాప్‌టాప్‌కు తగిలించినా, ట్యాబ్‌కు తగిలించినా పనిచేసే రకం గురించి. మన తిరుపతి, చిత్తూరు వైపు ముహూర్తానికి ముందురోజు రాత్రే రిసెప్షన్ పెట్టుకోవడం అలవాటు. ఆ రాత్రికి మేళం మాట్లాడుకున్నట్టే డీజేనూ మాట్లాడుకుంటున్నారు. వినాయక చవితి, ఊరి జాతర, కాలేజీ ఫ్రెషర్స్ డే, అన్నిటికీ అదే మాట. పిలుపులు పెరిగేసరికి, ఇంటర్‌తోనో డిగ్రీతోనో చదువు ఆపేసిన పిల్లలు చాలామంది దీన్నే బతుకుతెరువుగా చూస్తున్నారు. ఒకడు చీటీ పాడి కంట్రోలర్ కొంటాడు, ఇంకొకడు ఇంట్లో పాల బిల్లు పోగేసి కొంటాడు. అంత కష్టపడి తెచ్చిన డబ్బు రంగురంగుల లైట్లు చూసి పెట్టేది కాదు. అందుకే ఈ పెట్టెను ఎలా పరీక్షించి కొనాలో కొంచెం వివరంగా చెబుతాను.

ముందు అసలు విషయం. కంట్రోలర్‌లో పాట ఉండదు. పాట ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, లేదా ట్యాబ్‌లో ఉంటుంది. మనం జాగ్ వీల్ అనే గుండ్రటి చక్రం తిప్పినా, మీట జరిపినా, ప్యాడ్ నొక్కినా కంట్రోలర్ లోపలికి పంపేది అంకెలు మాత్రమే. ఈ అంకెల భాషను మిడి అంటారు. 1983లో అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ సంస్థ నడిపిన ఇకుతారో కకెహాషి చొరవతో అది లోకానికి పరిచయమైంది. వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదాని మాట ఒకదానికి అర్థమయ్యేలా పెట్టుకున్న ఒప్పందం అది. నలభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ డీజే కంట్రోలర్లు ఎక్కువగా అదే మాట్లాడతాయి. సాఫ్ట్‌వేర్ ఆ అంకెలు చదువుకుని పాటను నడిపిస్తుంది.

ఇది కంట్రోలర్ పనిలో ఒక సగం. రెండో సగం సౌండ్ కార్డు. పాట తిరిగి బయటికి రావాలంటే అది ఉండాలి. స్పీకర్లకు ఒక దారి, డీజే చెవిలోని హెడ్‌ఫోన్‌కు ఇంకో దారి, రెండూ విడివిడిగా కావాలి. జనం ఒక పాటకు ఆడుతుంటే డీజే తర్వాతి పాటను చెవిలో విని సిద్ధం చేసుకుంటాడు. ఆకాశవాణి కేంద్రాల్లో ఒకప్పుడు అనౌన్సర్లు చేసిందీ ఇదే పని. పక్కపక్కన రెండు టర్న్‌టేబుల్స్ ఉండేవి. ఒక రికార్డు ప్రసారం అవుతుండగా రెండోదాని మీద ముల్లు పెట్టి, హెడ్‌ఫోన్‌లో విని, పాట మొదలయ్యే చోట ఆపి ఉంచేవారు. డీజే విద్యకు మూలం ఆ వినికిడిలో ఉంది.

సౌండ్ కార్డు లేని కంట్రోలర్లు కూడా దుకాణాల్లో ఉంటాయి. పయనీర్ డీజే కంపెనీ 2019లో తెచ్చిన డీడీజే-200 అలాంటిదే. ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రానికి చీలిక వైరు పెట్టి, ఒక చెవికి వెళ్ళాల్సిన శబ్దాన్ని స్పీకర్లకూ, రెండో చెవిదాన్ని హెడ్‌ఫోన్‌కూ పంచుకోవాలి. ఇంట్లో నేర్చుకోవడానికి అది చాలు. డబ్బు తీసుకుని కల్యాణ మండపంలో వాయించేవాడికి చాలదు. అదే కంపెనీ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 కొంచెం పెద్దది. రెండు ఛానళ్ళు, ఒక్కో వైపు ఎనిమిదేసి ప్యాడ్లు, ఒక మైకు రంధ్రం, హెడ్‌ఫోన్ రంధ్రం, స్పీకర్లకు ఒక జత ఆర్‌సీఏ రంధ్రాలు ఉంటాయి. రెకార్డ్‌బాక్స్, సెరాటో డీజే లైట్ వంటి సాఫ్ట్‌వేర్లతో ల్యాప్‌టాప్ మీదా, డీజే యాప్‌లతో ట్యాబ్, ఫోన్ల మీదా నడుస్తుంది. హెర్క్యులెస్, న్యూమార్క్, రీలూప్ కంపెనీలకూ ఇదే తరగతిలో పెట్టెలున్నాయి. ఏ కంపెనీదైనా నేను చెప్పబోయే పరీక్షలు అవే.

ఈ కంట్రోలర్ల గురించి విదేశాల్లో బోలెడు సమీక్షలు వస్తుంటాయి. దాదాపు అన్నీ నిమిషానికి 120 నుంచి 128 దెబ్బలుండే హౌస్ సంగీతం పెట్టి చేసినవి. ఆ సంగీతాన్ని కంప్యూటర్ మీదే తయారు చేస్తారు. మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా వేగం మారదు, లెక్క నాలుగు నాలుగుగా సాగిపోతుంది. దానికి సింక్ అనే బటన్ నొక్కితే చాలు, రెండు పాటలూ అడుగులో అడుగు వేస్తాయి. మన దగ్గర వాయించాల్సింది ఒక్క ఆ సంగీతమేనా?

మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర తలుచుకోండి. చాటింపు వేసిన తర్వాత రోజుకొక వేషం. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. వీధుల్లో పంబలు, డప్పులు. చిత్తూరు పల్లెల్లోకి వెళితే పలకలు. పలక కొట్టే మనిషి వాయించే ముందు గడ్డి మంట దగ్గర చర్మానికి సెగ చూపిస్తాడు. వేలితో తట్టి వింటాడు, మళ్ళీ సెగ చూపిస్తాడు. బిగువు కుదిరిందని చెవి చెప్పాక గానీ మెడకు తగిలించుకోడు. ఒక చేత సన్నటి పుల్ల, ఇంకో చేత లావుపాటి కర్ర. మొదట్లో నింపాదిగా నడిచే దెబ్బ, జనంలో ఊపు వచ్చేకొద్దీ తెలియకుండానే వేగం అందుకుంటుంది. పైగా ఆ నడక చాలాసార్లు మూడు మూడుగా సాగుతుంది, నాలుగు నాలుగుగా కాదు.

ఇలాంటి పాటను సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే ఏమవుతుందో చూడండి. పాట ఎక్కించగానే అది వేగం లెక్క కట్టి, దెబ్బ దెబ్బకూ ఒక గీత గీసుకుంటుంది. దాన్ని బీట్‌గ్రిడ్ అంటారు. మూడు చిన్న దెబ్బలకు ఒక పెద్ద దెబ్బ వచ్చే తీన్మార్ నడకలో నిజమైన వేగం నిమిషానికి 96 అనుకుందాం. సాఫ్ట్‌వేర్ చిన్న దెబ్బల్ని రెండేసి చొప్పున కలుపుకుంటే దానికి 144 అనిపిస్తుంది. తప్పు లెక్క మీద సింక్ నొక్కితే రెండు పాటలూ రెండు దారుల్లో పరుగెడతాయి. వేగం మెల్లగా పెరిగే పలక రికార్డింగులో అయితే మొదట సరిగ్గా పడిన గీతలు కూడా నిమిషం తిరిగేసరికి దెబ్బల మీద నుంచి జారిపోతాయి. పాత సినిమా పాటలదీ ఇదే కథ. వాద్యబృందమంతా ఒక్కచోట కూర్చుని వాయించిన పాటల్లో మనుషుల ఊపిరి ఉంటుంది. పల్లవి ఒక వేగంలో, చరణం వెంట్రుకవాసి తేడాతో ఇంకో వేగంలో నడుస్తాయి.

అప్పుడు డీజేను కాపాడేవి రెండే. ఒకటి జాగ్ వీల్, రెండోది పాట వేగాన్ని మార్చే మీట, అంటే టెంపో ఫేడర్. కంట్రోలర్ కొనేటప్పుడు మిగతావన్నీ పక్కనపెట్టి ఈ రెండింటి మీదే కన్ను పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ప్యాడ్లు ఎన్ని ఉన్నాయి, ఎన్ని రంగుల్లో వెలుగుతాయి అన్నది తర్వాతి మాట.

టెంపో ఫేడర్ సంగతి కొంచెం లెక్కతో చెప్పాలి. మిడి భాషలో మామూలు సందేశానికి సున్నా నుంచి 127 వరకు, అంటే 128 మెట్లే ఉంటాయి. ఫేడర్ పరిధి ఎనిమిది శాతం పైకి, ఎనిమిది శాతం కిందికి పెట్టామనుకోండి. మొత్తం 16 శాతాన్ని 128 మెట్లుగా పంచితే ఒక్కో మెట్టు 0.125 శాతం. మనకు కావలసిన వేగం సరిగ్గా రెండు మెట్ల నడుమ పడిందంటే, ఏ మెట్టు మీద నిలబడినా ఒక్క నిమిషంలో రెండు పాటల మధ్య 37 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది. పలక దెబ్బ పక్కన అంత ఎడంగా ఇంకో దెబ్బ పడితే చెవికి రెండు దెబ్బలుగానే వినిపిస్తుంది. ఆడేవాడి కాలు తడబడుతుంది. మంచి కంట్రోలర్లు ఇదే ఫేడర్‌కు రెండు సందేశాలు కలిపి పంపి 16,384 మెట్లు ఇస్తాయి. అప్పుడు నిమిషానికి వచ్చే తేడా మిల్లీసెకనులో మూడో వంతు కూడా ఉండదు. దుకాణంలో ఈ వివరం అడగండి. అక్కడ చెప్పలేకపోతే కంపెనీ వాళ్ళు ఇచ్చే మిడి పట్టికలో చూసుకోవచ్చు. ఫేడర్ పొడవు కూడా ముఖ్యమే. పొడుగ్గా ఉంటే వేలికి సన్నటి తేడా దొరుకుతుంది.

పట్టిక చూడటం కుదరనివాళ్ళకు చెవితో చేసే పరీక్ష ఒకటుంది. సింక్ ఆపేయండి. ఒకే పాటను రెండు డెక్కుల మీదా, అంటే కంట్రోలర్ రెండు వైపులా ఎక్కించండి. రెండు ఫేడర్లూ సున్నా దగ్గర పెట్టి రెండింటినీ ఒకేసారి వదలండి. ఏదో ఒకటి కాస్త వెనకబడుతుంది. దాని జాగ్ వీల్ అంచు మీద వేలు ఆనించి మెల్లగా ముందుకు తోయండి. రెండు పాటలూ దగ్గరపడేకొద్దీ ముందు జంట దెబ్బలు ఒకటవుతాయి. ఆ తర్వాత పాడేవారి గొంతు బోలుగా, గొట్టంలోంచి వస్తున్నట్టుగా మారుతుంది. ఆ బోలుతనం వచ్చిందంటే తేడా కొన్ని మిల్లీసెకన్లకు దిగిందని అర్థం. వేలి కదలికకు పాట వెంటనే స్పందించిందా, లేక తోసిన కాసేపటికి జరిగిందా గమనించండి. ఇప్పుడు ఒక ఫేడర్‌ను పైకి జరిపి, స్క్రీన్ చూడకుండా చెవిని నమ్ముకుని తిరిగి కలపండి. కలిసిన తర్వాత ఒక నిమిషం ముట్టుకోకుండా వినండి. నిమిషం పాటు కలిసే ఉంటే ఆ పెట్టె మీ చేతికి లొంగుతుంది.

ఇంకో పరీక్ష ఇంటి నుంచి మోసుకెళ్ళాలి. మీ ఊరి జాతరలో పలకల మోతను ఫోన్లో రెండు మూడు నిమిషాలు రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళండి. దాన్ని ఒక డెక్కు మీద, మామూలు సినిమా పాటను రెండో డెక్కు మీద పెట్టండి. పలక వేగం పెరిగేకొద్దీ పాటను దాని వెంట నడిపించగలరా చూడండి. నన్నడిగితే మన ప్రాంతంలో ఏ కంట్రోలర్‌కైనా ఇదే అసలు పరీక్ష. డీజే వచ్చాక పలకలవాళ్ళకు పిలుపులు తగ్గాయన్న బాధ పల్లెల్లో ఉంది. అది న్యాయమైన బాధే. పలకలవాళ్ళ ముందు రెండు మైకులు పెట్టి, వాళ్ళ దెబ్బను పాటలో కలిపి ఇద్దరూ ఒకే పందిట్లో వాయించవచ్చు. అలా చేసే చోట డీజే వాళ్ళ వేగాన్ని అందుకోవాలి తప్ప వాళ్ళను కంప్యూటర్ గీతల మీద నడవమనకూడదు. అందుకు వీలివ్వని పెట్టె ఎంత ఖరీదైనదైనా నేను కొనమని చెప్పను.

వేలు కదిలాక పాట స్పందించడానికి పట్టే ఆలస్యం ల్యాప్‌టాప్ మీద కూడా ఆధారపడి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫర్ అనే అంకె ఉంటుంది. 1024 పెడితే ఒక్క దాని వల్లే 23 మిల్లీసెకన్ల ఆలస్యం. 256 పెడితే ఆరు కూడా ఉండదు. మరీ తగ్గిస్తే పాత ల్యాప్‌టాప్ అందుకోలేక పాట చిటపటలాడుతుంది. 512తో మొదలుపెట్టి, చిటపట రానంత వరకు తగ్గించుకుంటూ రావడం మంచి పద్ధతి. విండోస్ ల్యాప్‌టాప్ అయితే కంట్రోలర్ కంపెనీ ఇచ్చే ఏసియో డ్రైవర్ తప్పకుండా వేసుకోవాలి. ఇక బ్లూటూత్ స్పీకర్‌లో పాట పెట్టి దాని మీద మిక్సింగ్ చేయాలనుకోవడం మానుకోండి. చేతికీ చెవికీ మధ్య వంద మిల్లీసెకన్లు దాటే ఎడంతో ఎవరూ దెబ్బ కలపలేరు.

ట్యాబ్ మంచిదా, ల్యాప్‌టాప్ మంచిదా అని అందరూ అడుగుతారు. ట్యాబ్‌కు గొప్ప సుగుణం ఒకటుంది. తెరిచిన యాప్‌కు మిగతావి అడ్డం రావడం తక్కువ. పెళ్ళి మధ్యలో అప్‌డేట్ మొదలవడం, యాంటీవైరస్ హెచ్చరిక రావడం దాదాపు ఉండవు. ఐప్యాడ్ మీద అల్గోరిదిమ్ కంపెనీ డీజే యాప్ 2010 డిసెంబరు నుంచి ఉంది. ఇన్నేళ్ళుగా సానబట్టిన సరుకు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ఆలస్యం కూడా ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. మీ చేతిలో ఉన్న ట్యాబ్‌నే దుకాణానికి తీసుకెళ్ళి తగిలించి చూడాలి. కంట్రోలర్‌కు కరెంటు యూఎస్‌బీ వైరు నుంచే వస్తుంది కాబట్టి కొన్ని ట్యాబ్‌లు దాన్ని మోయలేవు. ట్యాబ్‌కు ఉన్న ఒక్క రంధ్రాన్నీ కంట్రోలర్ ఆక్రమిస్తే ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి? కరెంటు అందించే యూఎస్‌బీ హబ్ ఒకటి కొనుక్కోవాల్సిందే. ఆ ఖర్చు కూడా కంట్రోలర్ ఖరీదులో కలిపి చూసుకోండి.

ట్యాబ్‌కు మన దగ్గర ఉన్న పెద్ద శత్రువు ఎండ. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల వరకు ఉన్న వాతావరణంలో వాడమని ఆపిల్ కంపెనీయే చెబుతుంది. మే నెలలో తిరుపతి పగటి వేడి 40 దాటుతుంది. రేకుల పందిరి కింద, లైట్ల పక్కన ఇంకా ఎక్కువ. వేడెక్కిన ఐప్యాడ్ ముందు వెలుగు తగ్గిస్తుంది, ఇంకా వేడెక్కితే హెచ్చరిక చూపి పని ఆపేస్తుంది. జాతర ఊరేగింపు మధ్యలో అలా ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పగటి పని ఒప్పుకునేవాళ్ళు ల్యాప్‌టాప్‌నే నమ్ముకోండి. దాన్ని కూడా నీడలో, కింద గాలి ఆడేలా స్టాండు మీద పెట్టండి. ట్యాబ్‌ను పాటలతో సహా సిద్ధం చేసి పక్కన ఉంచుకుంటే ల్యాప్‌టాప్ మొరాయించిన రోజున ఆదుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో పాటలకు మీరు పెట్టుకున్న గుర్తులు, జాబితాలు వేరే కంపెనీ యాప్‌లోకి వాటంతట అవి రావు. రెండు చోట్లా విడిగా సర్దుకోవాలి.

పాటలు మీ దగ్గరే ఉండాలి. నెట్ నుంచి నేరుగా వాయించే సౌకర్యం చూసి మురిసిపోవద్దు. జనం కిక్కిరిసిన చోట సిగ్నల్ అందదు. కంపెనీల ఒప్పందాలు కూడా శాశ్వతం కావు. స్పాటిఫై 2020 జులైలో డీజే యాప్‌లకు పాటలివ్వడం ఆపేసినప్పుడు దాన్నే నమ్ముకున్నవాళ్ళు రాత్రికి రాత్రి ఖాళీ చేతులతో మిగిలారు. మన డీజేలకు ఇంకో సంగతి కూడా ఉంది. నగరి, పుత్తూరు వైపు వెళితే తమిళ పాట అడుగుతారు, కుప్పం, పలమనేరు వైపు కన్నడ పాట కూడా అడుగుతారు. ఒకే పాట పేరును నాలుగు రకాల స్పెల్లింగుల్లో దాచుకుంటే అడిగినప్పుడు దొరకదు. పేర్లు ఒకే పద్ధతిలో రాసుకోవడానికి రెండు రోజులు కూర్చోండి. గొంతునూ వాద్యాలనూ వేరుచేసే కొత్త సౌకర్యం చాలా సాఫ్ట్‌వేర్లలో వచ్చింది. దాన్ని నాదస్వరం ఉన్న పాట మీద పరీక్షించండి. నాదస్వరాన్ని గొంతు వైపు నెడుతుందా, వాద్యాల వైపు ఉంచుతుందా విని తెలుసుకుంటే, పెళ్ళిలో గొంతు ఆపేసినప్పుడు నాదస్వరమూ మాయమయ్యే ఇబ్బంది రాదు.

మైకు మాటకొస్తే, కల్యాణ మండపంలో పాటకంటే మైకుకే పని ఎక్కువ. భోజనాలకు పిలవాలి, చదివింపుల వాళ్ళను పిలవాలి, తప్పిపోయిన పిల్లవాడి పేరు చెప్పాలి. చిన్న కంట్రోలర్లకు ఉండేది ఒకే మైకు రంధ్రం. ఎవరి కాలో తగిలి యూఎస్‌బీ వైరు ఊడిందంటే పాటతో పాటు మైకూ పోతుంది. అందువల్ల మైకును కంట్రోలర్‌కు తగిలించకండి. చిన్న మిక్సర్ ఒకటి విడిగా పెట్టుకుని మైకునూ, కంట్రోలర్ నుంచి వచ్చే పాటనూ దానిలోకి పంపండి. ల్యాప్‌టాప్ ఆగినా మాట ఆగదు.

ఆ మిక్సర్ ఇంకో మేలు కూడా చేస్తుంది. ఆర్‌సీఏ రంధ్రం నుంచి పొడుగు వైరు లాగితే జనరేటరు గుయ్‌మనే శబ్దం, సీరియల్ లైట్ల చిరచిర అందులోకి ఎక్కుతాయి. కంట్రోలర్ నుంచి మిక్సర్ దాకా పొట్టి వైరు, మిక్సర్ నుంచి ఆంప్లిఫయర్ల దాకా మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ వైరు వాడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. మిక్సర్‌కు ఆ ఔట్‌పుట్ ఉందో లేదో చూసుకుని కొనండి.

శబ్దం హద్దు గురించి కూడా చెప్పాలి, ఇది నాకు చాలా పట్టింపు ఉన్న విషయం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఇళ్ళున్న ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో రోగులు ఏ జిల్లాల నుంచో వచ్చి పడుకుని ఉంటారు. ఊరేగింపు దారి ఒప్పుకునే ముందు ఆ దారిలో ఆసుపత్రి ఉందేమో అడగండి. ఇక మీ చెవులు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు పనిచేయవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. మూడేసి డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. వంద దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలే. బేస్ బాక్సుల పక్కన రాత్రికి నాలుగు గంటలు నిలబడే కుర్రవాడికి ముప్పై ఏళ్ళకే పలక సన్నపుల్ల చప్పుడు వినిపించకుండా పోవచ్చు. ఇయర్‌ప్లగ్‌లు కంట్రోలర్‌తో పాటే కొనుక్కోండి.

సెకండ్‌హ్యాండ్ తీసుకునేవాళ్ళు మూడు చోట్ల చూడండి. యూఎస్‌బీ రంధ్రంలో వైరు పెట్టి కాస్త కదపండి, కనెక్షన్ పోయి వస్తోందంటే వదిలేయండి. ఛానల్ ఫేడర్ పూర్తిగా కిందికి దించాక కూడా పాట సన్నగా వినబడుతోందంటే దుమ్ము పట్టిందో, అరిగిందో. టెంపో ఫేడర్‌ను ముట్టుకోకుండా ఉంచి స్క్రీన్ మీద అంకె చూడండి, దానంతట అది కదులుతోందంటే ఆ పెట్టె మీద చెవిని నమ్ముకుని దెబ్బ కలపలేరు. అమ్మేవాడి ఖాతా మీద ఉన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సు మీకు వస్తుందో రాదో ముందే తేల్చుకోండి.

కొనడానికి మంచి అదను ఆషాఢం. ముహూర్తాలుండవు కాబట్టి దుకాణంలో రద్దీ తక్కువ, తీరిగ్గా పరీక్షించనిస్తారు. బేరానికీ దిగుతారు. అప్పుడు కొంటే నెల రోజులు ఇంట్లో సింక్ ముట్టుకోకుండా సాధన చేసి, శ్రావణంలో మొదటి రిసెప్షన్‌కు ఒప్పుకోవచ్చు.